టీవీ వెనక కొలువైన రౌటర్ గారికి

మహారాజశ్రీ రౌటర్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలనే ఉంది గానీ, వెనక గదిలో ఉన్నవాళ్ల క్షేమం తమ చేతుల్లో ఉంది కాబట్టి ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి బఫరింగ్‌లో ఉంచుతున్నాను.

నేనెవరో తమకు తెలుసు. రాత్రి పదకొండు దాటాక తమ లాగిన్ తలుపు తట్టేవాణ్ణి. ఈ పదవి నాకు ఎవరూ ఓటేసి ఇవ్వలేదు. ఎప్పుడో ఒకసారి వైఫై పాస్‌వర్డ్ మార్చాను, అంతే. ఆ పాపానికి వీడియో ఆగినా, కాల్ తెగినా, ఆఖరికి ఫోన్ చార్జింగ్ దిగిపోయినా అందరూ నా వైపే చూస్తారు. తమ దీపాలు మాత్రం పచ్చగా మినుకుమంటూ "నాకేం, నిక్షేపంగా ఉన్నాను" అంటుంటాయి.

తమ దర్శనానికి బ్రౌజర్లో కొట్టాల్సిన దారి 192.168.1.1. కొందరిళ్లలో 192.168.0.1. లోపలి వాడకం కోసమని ఈ అంకెల వరసను 1994లోనే విడిగా పక్కన పెట్టారు కాబట్టి, ఎన్ని లక్షల ఇళ్లున్నా చిరునామా ఒకటే. ఎవరింట్లో కూర్చుని కొడితే ఆ ఇంటి తమరు తలుపు తీస్తారు. తొలిసారి నేను వచ్చినప్పుడు యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. తాళంకప్పకే చెవిని వేలాడదీసి "తాళం వేయబడినది" అని బోర్డు పెట్టినట్టుంది.

లోపలికి రానిచ్చాక కూడా తమకు తొందరే. ఏ గడిలో ఏం పెట్టాలా అని అయిదు నిమిషాలు కదలకుండా ఆలోచిస్తే, నేనెవరో మర్చిపోయి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతారు. ఆలోచించకుండా సేవ్ కొడితే నెట్ పోతుంది. ఆలోచించి కొడదామంటే లాగిన్ పోతుంది. పైగా నేను తమ దగ్గరికి వచ్చేది వైఫై మీదే. ఆ వైఫై పేరే మార్చి సేవ్ కొట్టగానే కూర్చున్న కొమ్మ కింద పడుతుంది, నాతో సహా. ఇది మూడుసార్లు చేశాను. మూడోసారి కూడా ఆశ్చర్యపోయాను.

అసలు ఆ పేరు దగ్గరే మనకు తొలి గొడవ. పెట్టెలోంచి బయటికి వచ్చేటప్పుడు తమ పేరు కంపెనీ మాట ఒకటి, దాని తోకగా నాలుగు అర్థంకాని అక్షరాలు. పుట్టిన బిడ్డకు వార్డు నంబరే పేరుగా ఉంచేసినట్టు. నేను ముచ్చటపడి తెలుగులో పెడదామనుకున్నాను. మీ ఆచారం ప్రకారం వైఫై పేరు 32 బైట్లు (కంప్యూటర్ లెక్కలో చోటుకు కొలత) దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు కాబట్టి వాళ్లకు 32 అక్షరాల మాగాణి. మన తెలుగులో అక్షరానికి మూడు, దాని గుణింతం గుర్తుకు ఇంకో మూడు, పక్కన సున్నా ఉంటే దానికీ మూడు. అంటే మనకు దక్కేది పది గుర్తులు. కాగితం తీసి "మా ఇంటి వైఫై" అని రాసి లెక్కేశాను. మా అంటే ఆరు. ఖాళీకి ఒకటి. ఇంటి అంటే పన్నెండు. మళ్లీ ఖాళీకి ఒకటి. వైఫై పన్నెండు. మొత్తం 32. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు! ఆ హద్దెవరో నా ఇంటిని కొలిచే గీశారనిపించింది. తమరు కూడా మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పాత ప్రింటర్ ఒక్కటే తన చిన్న తెర మీద మా ఇంటి పేరును ఖాళీ డబ్బాల వరసగా చూపించింది. దాని చదువు అంతే.

ఆ సంతోషాన్ని చెడగొట్టింది ఒక బల్బు. ఫోన్‌తో వెలిగే రకం. దానికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరో భాష రాదు. తమరేమో రెండు బ్యాండ్లనూ, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో దారులనూ, ఒకే పేరు కింద కలిపి, నా ఫోన్‌ను మర్యాదగా 5లోకి తోసేస్తారు. బల్బు 2.4లో నిలబడి ఫోన్ కోసం చూస్తుంటుంది, ఫోన్ 5లో కూర్చుని బల్బు ఎక్కడా అంటుంది. చివరికి 5 అందనంత దూరం బయటికి నడిచి, చీకట్లో నిలబడి, ఇంట్లో దీపం వెలిగించాను. ఇక లాభం లేదని రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టాలనుకుంటే, "మా ఇంటి వైఫై" పక్కన ఒక్క అంకె పెట్టడానికి చోటు లేదు. 33వ బైటు దగ్గర తమరు ఎర్రగా చూశారు. దాంతో రెండోదానికి "మా వైఫై 5" అని పెట్టాను. ఇంటిని తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆ 5 చూసి "మీ వైఫై 5జీయా!" అంటారు. మొబైల్లో జీ అంటే తరమనీ, ఇక్కడ అది గిగాహెర్ట్జ్ అనీ చెప్పడం మొదట్లో సరదాగానే ఉండేది.

చానళ్ల సంగతికి వస్తాను. 2.4లో తమరు నాకు పదమూడు చానళ్లు చూపిస్తారు. పదమూడు వరసల రహదారి ఉందని ఎవరైనా సంబరపడతారు. తీరా చూస్తే చానల్‌కీ చానల్‌కీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో చానల్ ఆక్రమించేది 20. పదమూడు కుర్చీలు వేసి, వచ్చిన ప్రతి అతిథికీ నాలుగేసి కుర్చీలు కావాలంటే కూర్చునేది ఎందరు? ముగ్గురు. 1, 6, 11. మిగతావి అలంకారానికి. ఆ సంగతి తమ పేజీలో ఏ మూలైనా ఒక్క ముక్క రాశారా?

రాయలేదు కాబట్టే నేను తెలివిగా 3 ఎంచుకున్నాను. సిగ్నల్ చూపించే యాప్‌లో చుట్టుపక్కల ఇళ్లన్నీ 1 మీదా 6 మీదా గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, మధ్యలో నేనొక్కణ్ణే ప్రశాంతంగా ఉందామని. తర్వాత తెలిసింది, ఒకే చానల్ మీద ఉన్న రౌటర్లు కనీసం ఒకదాని మాట ఇంకోటి విని, అవతలివాళ్లు ఆగాక నోరు విప్పుతాయట. పక్క చానల్ వాళ్ల మాటలు మాత్రం మాటల్లా వినబడవు, వట్టి రొద. నేను రెండిళ్ల మధ్య గోడ మీదెక్కి ఇద్దరి పోట్లాటలోనూ తలదూర్చిన పెద్దమనిషినయ్యాను. రెండిళ్ల రొదా నాకే, నా రొద రెండిళ్లకూ. ఆ వారం గోడ అవతల నుంచి "మళ్లీ ఆగిపోయింది" అని వినబడిన ప్రతిసారీ టీవీ సౌండు పెంచాను.

ఇవి చాలవన్నట్టు మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే వీధిలో, 2.45 దగ్గర కాపురం పెట్టింది. అది తిరిగినంతసేపూ మా వీడియో కాల్‌లో అవతలి మనిషి నోరు తెరిచి ఆగిపోతాడు.

ప్రసార శక్తి: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. ఈ మూడిట్లో మధ్యస్థం ఎంచుకున్న మనిషి భూమ్మీద ఉంటాడా? ఎక్కువ పెట్టాను. వెనక గదిలో ఫోన్ గీతలు నిండాయి, పనులు మాత్రం నిండలేదు. ఎందుకంటే తమ గొంతు పెంచగలను గానీ ఫోన్ గొంతు పెంచలేను. తమరు మైకు పట్టుకుని "చెప్పండి, వింటున్నాను" అంటారు. ఫోన్ గుసగుసగా ఏదో చెబుతుంది, అది తమదాకా రాదు. గీతలన్నీ ఉంటాయి, పంపిన మెసేజ్ పక్కన గడియారం బొమ్మ కూడా ఉంటుంది.

ఇక "అడ్వాన్స్‌డ్" అనే గది. అక్కడ ఆర్‌టీఎస్ థ్రెషోల్డ్ అని ఒకటి, దాని ఎదురుగా 2347. ఫ్రాగ్మెంటేషన్ థ్రెషోల్డ్, 2346. ఈ రెండు అంకెలనూ నేను చాలా భక్తితో చూశాను. ఇంత కచ్చితంగా, ఒక్కటే తేడాతో పెట్టారంటే వెనక ఎంత శాస్త్రం ఉండాలి! ఆరా తీస్తే రెంటి భావం ఒకటేనట: "ఇది మనకొద్దు". హద్దు దాటిన డేటా ప్యాకెట్టుకు మొదటిది ముందుగా అనుమతి అడుగుతుంది, రెండోది దాన్ని ముక్కలు చేస్తుంది. ఏ ప్యాకెట్టూ ఆ హద్దు దాటదు కాబట్టి ఆ యంత్రాంగం కదలనే కదలదు. వద్దు అనే చిన్న మాటను నాలుగంకెల్లో చెప్పగలిగిన తమరికి పెద్ద ఆఫీసుల్లో మంచి భవిష్యత్తు ఉంది.

దాని పక్కనే బీకన్ ఇంటర్వెల్, 100. అంటే సెకనుకు సుమారు పదిసార్లు తమరు "నేనున్నాను, నా పేరిదీ" అని చాటింపు వేస్తారన్నమాట. అంత అరుపెందుకు, ఇంట్లో వాళ్లమేగా అని 1000 చేశాను. వైఫై పేరు ఫోన్లలో కాసేపు కనబడి, కాసేపు మాయమై, దాగుడుమూతలు ఆడింది. ఎవరికీ చెప్పకుండా తెల్లారకముందే తిరిగి 100 చేశాను. తమరూ చెప్పకండి.

భద్రత విషయంలో మాత్రం నాకు నిజంగానే కోపం ఉంది. వరసలో ఇంకా డబ్ల్యూఈపీ పేరుంది. అది 1997లో పుట్టి, 2001కే దాని గుట్టు బయటపడ్డ తాళం. ఎప్పుడో చెడిపోయిన తాళాన్ని ఇంకా అమ్మకానికి పెట్టుకుని కూర్చున్నావెందుకయ్యా? 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. నీకు తెలుసు. తెలిసి కూడా అన్నిటినీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే వరసలో పెట్టి "తమ ఇష్టం" అంటావు. పాతకాలపు గుప్తలిపి పద్ధతి టీకేఐపీని ఎంచుకుంటే వేగం 54 మెగాబిట్ల దగ్గర పీకనొక్కేసినట్టు ఆగిపోతుందని ఒక్క మాట చెప్పవు. వైఫై పాస్వర్డ్ కొట్టకుండానే కొత్త ఫోన్లను కలుపుకునే ఆ డబ్ల్యూపీఎస్ పిన్ను సంగతేమిటి? ఎనిమిదంకెలు, పది కోట్ల కాంబినేషన్లు, ఎవడు కొడతాడులే అనుకున్నాం. చివరి అంకె మిగతావాటి లెక్కలోంచే వస్తుంది. పైగా మొదటి నాలుగూ సరిపోయాయో లేదో నువ్వే ముందుగా చెప్పేస్తావు. పది కోట్లు కాస్తా 11,000 అయి కూర్చున్నాయి. 2011లో లోకమంతా తెలిసిన సంగతి ఇది. నా ఇంట్లో ఆ బటన్ ఆన్‌లోనే ఉంది!

క్షమించాలి. నోరు జారి నువ్వు అనేశాను. తమరు దీపం కూడా ఆర్పకుండా విన్నారు, అదీ పెద్దరికం.

"పేరు దాచు" అనే గడి గురించి ఒక్క ముక్క. టిక్కు పెట్టాను, ఇక మేము ఎవరికీ కనబడమని పొంగిపోయాను. దాచిన పేరును వెతుక్కోవడానికి నా ఫోనే ఎక్కడికెళ్తే అక్కడ "మా ఇంటి వైఫై ఉందా, మా ఇంటి వైఫై ఉందా" అని గాల్లోకి కేకలేస్తుందట. టిక్కు తీసేశాను.

అన్నిటికంటే పరువు పోయింది మాత్రం 5లోని 100వ చానల్ దగ్గర. అక్కడ ఎవరూ లేరు. ఇంత మంచి చోటు ఖాళీగా ఎందుకుందా అని ఒక్క క్షణం కూడా అనుమానించకుండా సేవ్ కొట్టాను. నెట్ పోయింది. ఇంటిల్లిపాదీ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. ఆ చానళ్లలో చాలాచోట్ల రాడార్లకే పెద్దపీట అనీ, తమరు నోరు విప్పేముందు ఒక నిమిషం పాటు ఊరికే చెవొగ్గి వినాలనీ నిబంధన ఉంది. అది నాకప్పుడే తెలిసింది, అదీ పక్కింటి వాళ్ల దయవల్ల కాదు, మొబైల్ డేటా మీద చదివి.

"ఏమైంది?"

"ఏం లేదు. చుట్టుపక్కల రాడార్ ఏదైనా ఉందేమోనని వింటోంది."

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ నా చేతిలోంచి మెల్లగా ల్యాప్‌టాప్ తీసుకుని పక్కన పెట్టింది. ఆ తర్వాత టీవీ బల్ల దగ్గరికి వెళ్లి, వెనక్కి చెయ్యి పెట్టి, తమరిని బయటికి లాగింది. దుమ్ము దులిపింది. వైరు అందినంత మేర లాగి, గదుల మధ్య గుమ్మం పక్కనున్న ఎత్తయిన అరలో కూర్చోబెట్టింది. వెళ్లి పడుకుంది.

నేను ఫోన్ పట్టుకుని వెనక గదికి పోయాను. అదే మూల, అదే బ్యాండు. నెలరోజులుగా సిగ్నల్ బలం మైనస్ 81 డెసిబెల్ చూపించిన చోట మైనస్ 66. ఆ లెక్కలో పది తేడా అంటే పది రెట్లు, పదిహేను తేడా అంటే ముప్ఫై రెట్లకు పైనే. తమరిని అన్నాళ్లూ ఒక పెద్ద లోహపు పలక వెనక, నేలబారున, వైర్ల గుంపులో ఇరికించి, "ప్రసార శక్తి: ఎక్కువ" అని పెట్టి కూర్చున్నది నేనే. తమ సెట్టింగుల్లో అన్ని గడులున్నాయే, "నన్నెక్కడ పెట్టారు?" అన్న గడి ఒక్కటి ఎందుకు లేదండీ? ఉంటే దాన్ని కూడా తప్పే నింపేవాణ్ణేమో.

ఇంట్లో ఇప్పుడు నన్నెవరూ పిలవడం లేదు. వీడియోలు ఆగడం లేదు. నిన్న రాత్రి పదకొండున్నరకు, ఏ అవసరం లేకపోయినా, చానల్ 6 నుంచి 11కి మార్చి చూశాను. ఏ తేడా రాలేదు. మళ్లీ 6 చేశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
అడ్మిన్

తా.క.: పై కోపంలో డబ్ల్యూపీఎస్ ఆపేసి, తమ లాగిన్ పాస్‌వర్డ్ కూడా చాలా గట్టిది పెట్టాను. ఒక చీటీ మీద రాసి తమ అడుగునే అంటించాను. ఇవాళ మళ్లీ దులిపిన దుమ్ములో అదీ పోయింది. గుండుసూది వెతుకుతున్నాను. వెనకున్న చిన్న కన్నంలో పది సెకన్లు, అంతే, ఓర్చుకోండి. ఆ తర్వాత తమరు నన్నూ, నా ముప్ఫై రెండు బైట్లనూ మర్చిపోయి పాత పేరుతోనే లేస్తారు. కాగితం మీద లెక్క మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.