లెక్క కరెక్టే, విమానాలకే క్రమశిక్షణ లేదు

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు మధ్య దూరం ఇంత, గాల్లో టైమ్ ఇంత అని టక్కున చెప్పేసే సైట్లుంటాయి కదా, వాటివన్నీ కాకి లెక్కలని జనం తెగ తిడుతున్నారు. నాకు మాత్రం ఇది ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

ఆ లెక్క ఎంత పద్ధతైనదో చూడండి. భూమిని నున్నటి బంతి అనుకుని, ఇక్కడో చుక్క అక్కడో చుక్క పెట్టి, రెండిటి మధ్య అన్నిటికన్నా దగ్గరి గీత గీసి, ఆ దూరాన్ని గంటకి 800 కిలోమీటర్లతోనో 900తోనో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట పైన వేస్తారు, అంతే. చుక్క అంటే గేటు అనుకునేరు, మామూలుగా అది రన్‌వేల నడిమధ్యలో ఎక్కడో ఉంటుంది, అక్కడ ప్రయాణికుడెవడూ నిలబడడు, నిలబడితే పోలీసులొస్తారు.

ఇంత చక్కగా గీసిచ్చిన గీత మీద పోవడానికి విమానాలకేం రోగం? న్యూయార్క్ నుంచి లండన్‌కి 5,500 చిల్లర కిలోమీటర్లు, తిరిగొచ్చేటప్పుడూ అంతే, అయినా పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు గంట దాకా ఎక్కువ పడుతుంది. అదేంటంటే పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుందట. 2020 ఫిబ్రవరిలో తుఫాను టైమ్‌లో ఆ గాలి వెనక నుంచి నెట్టేసరికి ఒక విమానం 5 గంటల లోపే లండన్‌లో దిగిపోయింది. సైట్‌కి ఒక్క మాట చెప్పారా? లేదు.

దేశాలు ఇంకా దారుణం. హెల్సింకి నుంచి టోక్యోకి రష్యా మీదుగా 9 గంటల చిల్లర పట్టేది, 2022లో ఆ ఆకాశం మూసేశాక ఉత్తర ధ్రువం దాకా ఎక్కి దిగుతూ 13 గంటలు తిరిగారు. సైట్‌లో మాత్రం కిలోమీటరు కూడా పెరగలేదు, నిలకడంటే అదీ.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు దీవులున్నాయి, మధ్యలో 3 కిలోమీటర్లు కూడా లేదు, టైమ్‌టేబుల్లో 2 నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. మన ఫార్ములా ప్రకారం అరగంట పట్టాలి. మిగతా 29 నిమిషాలు ఆ పైలట్ ఎక్కడ దాచాడో విచారణ జరగాల్సిందే.

ఇక ఎయిర్‌లైన్సోళ్ల తెలివి వేరు. గేటు దగ్గర కదిలినప్పట్నుంచి అవతల మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా మొత్తాన్ని బ్లాక్ టైమ్ అంటారు, అందులో రన్‌వే కోసం క్యూ, దిగాక పార్కింగ్ కోసం పడిగాపులు అన్నీ ముందే కలిపేసుకుని, పైన ఇంకాస్త పోసుకుని, చివర్లో పది నిమిషాలు ముందే వచ్చామని మైకులో చెప్పుకుంటారు. అమెరికాలో అయితే లేటు 15 నిమిషాల లోపుంటే అది లేటే కాదు, ఆన్ టైమ్ కిందే రాసుకుంటారు. ఇవన్నీ ఒప్పుకుంటాం గానీ పాపం సైట్ చెప్పిన అరగంటకి మాత్రం వెక్కిరింపులు.

నేను మాత్రం సైట్‌నే నమ్ముతా. మొన్న 2 గంటల 10 నిమిషాలు అంది, సరిగ్గా ఆ టైమ్‌కి బెల్టు తీసి, బ్యాగు దించుకుని, తలుపు వైపు నడిచాను. అప్పటికి విమానం ఇంకా మబ్బుల్లో ల్యాండింగ్ కోసం గుండ్రంగా తిరుగుతోందట, ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోండి సార్ అంది. ఫోన్‌లో లెక్క చూపించాను. ఆమె కనీసం చదవను కూడా చదవలేదు.