రివెట్టు ఉబ్బాలా, లోపలికి పోవాలా?

హైదరాబాదులో తెగని సమస్యల జాబితా రాయడం మొదలుపెడితే మూసీ దగ్గర ఎత్తుకుని అమీర్‌పేట సిగ్నల్ చేరేసరికి కాగితం అయిపోతుంది. అయినా వాటికి దిక్కుంది. కమిటీలున్నాయి, నివేదికలున్నాయి, ఎన్నికలకొకటి చొప్పున శంకుస్థాపన రాళ్లున్నాయి. ఏ దిక్కూ లేని సమస్య ఒక్కటే: డబ్బులు పోసి కంప్యూటర్లోకి కొనుక్కున్న బోయింగ్ 737కి కాక్‌పిట్ అద్దాల పైన ఇటు రెండు, అటు రెండు బుల్లి కిటికీలు ఉండటం.

మలుపు తిరిగేటప్పుడు పైలట్లకి పైన కూడా కనబడాలని పూర్వం పెట్టిన కిటికీలవి. 2005 ప్రాంతంలో బోయింగ్ వాళ్లే వాటికి మంగళం పాడారు. ఆ తర్వాత పుట్టిన విమానానికి అవి ఉండకూడదు. ఉన్నాయి. మోడల్ తయారుచేసిన కంపెనీని నిలదీస్తే "తర్వాతి అప్‌డేట్‌లో చూస్తాం" అంటుంది. సగం కట్టిన ఫ్లైఓవర్ కింద నుంచి రోజూ ఆఫీసుకి పోయే జాతికి ఆ మాట అర్థం కాకపోదు. అందుకే కొందరు పౌరులు చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకుని, ఆ కిటికీల మీద తామే రంగు పూసి పూడ్చేస్తున్నారు.

తెలియనివారికి రెండు ముక్కలు. ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే కంప్యూటర్లో విమానం నడిపే ఏర్పాటు. మైక్రోసాఫ్ట్ వారిది 1982లో నాలుగు గీతలతో మొదలై, 2020 నాటికి భూగోళం మొత్తాన్నీ తెర మీదికి దించింది. 2024లో ఇంకోటి వచ్చింది. దానికోసం విడిగా కొనుక్కునే విమానాలే యాడ్-ఆన్లు. దీన్ని గేమ్ అనకూడదు. మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు ఆయన గ్రాఫిక్స్ కార్డు కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామానమ్మే సీటీసీకి వెళ్తే, షాపు కుర్రాడు "ఏం గేమ్ ఆడ్తరన్నా?" అన్నాడట. ఆయన కార్డు కొనకుండా లేచొచ్చేశారు. మరుసటి వారం అదే షాపులో అదే కార్డు కొన్నారు గానీ, కుర్రాడితో మాత్రం మాట్లాడలేదు.

ఈయన బ్యాంకు ఉద్యోగి. ఈయన 737 శంషాబాద్‌లో గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఎప్పుడు చూసినా అక్కడే. ఎదురుగా 4,260 మీటర్ల రన్‌వే ఉంది, ట్యాంకుల్లో ఇంధనం ఉంది, ఆకాశం నిర్మలంగా ఉంది. అయినా కదలదు. ఎందుకు కదలాలి? ఎగరడమన్నది ఎల్‌కేజీ. పైలట్ సీట్లో కూర్చున్నవాడికి కనబడేది ముళ్లు తిరిగే నాలుగు మీటర్లు, అద్దంలోంచి కాసిని మబ్బులు. తోక చివర ఏపీయూ అనే చిన్న ఇంజను పొగగొట్టం చుట్టూ పట్టిన మసి వాడికి కనబడుతుందా? ఇంజన్ ముందు తిరిగే బొడిపె మీది తెల్ల సుడి కనబడుతుందా? (ఇంజన్ తిరుగుతోందని కిందివాళ్లు దూరం నుంచే పసిగట్టి తప్పుకోవడానికి వేసే గుర్తది. ప్రాణాలతో ముడిపడ్డది కనుక దాన్ని సరిదిద్దడానికి ఆయన బ్యాంకుకి సెలవు పెట్టారు.) తన విమానం ఎలా ఉందో తానే చూసుకోలేని నిర్భాగ్యుడు పైలట్. అందుకని మూడో అంతస్తు ఆయన కాక్‌పిట్లోంచి బయటికొచ్చి, బయటి కెమెరా పెట్టి, జూమ్ చేసి, కుర్చీ ముందుకు లాక్కుని చూస్తారు. ఆయన గుమ్మం మీది నేమ్‌బోర్డులో ఒక అక్షరం రాలిపోయి చాలాకాలమైంది. కొరియర్ కుర్రాళ్లు ఎవరింటికొచ్చారో తేల్చుకోలేక ప్యాకెట్లు వాచ్‌మన్ దగ్గర పడేసి పోతున్నారు. అది వేరే సంగతి.

ఉద్యమమన్నాక చీలికలు తప్పవు. ఇక్కడ చీలిక రివెట్ల దగ్గర, అంటే రేకులు బిగించే మేకుల దగ్గర వచ్చింది. విమానం ఒంటి మీది ఎత్తుపల్లాలు నార్మల్ మ్యాప్ అనే బొమ్మ చెప్పినట్టు నడుస్తాయి. అందులో ఆకుపచ్చ చానల్, అంటే ఆకుపచ్చ రంగు పొర, తిరగబడిందంటే వెలుగూ నీడా తారుమారై, ఉబ్బెత్తుగా ఉండాల్సినవి గుంటల్లా కనబడతాయి. మియాపూర్ వర్గం రివెట్లు ఉబ్బాలంటుంది. తార్నాక వర్గం లోపలికి పోవాలంటుంది. రెండు వర్గాల మధ్య మాటల్లేవు, పెళ్లి పిలుపుల్లేవు. మొన్న ఎవరిదో గృహప్రవేశానికి శంషాబాద్‌లో విమానాల మరమ్మతు చేసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఇద్దరి వాదనా విని, "జెట్ విమానం పైరేకుకి కొట్టే రివెట్ల తలలు గాలికి అడ్డం రాకుండా రేకులో కలిసిపోయి చదునుగా ఉంటాయి కదండీ. ఉబ్బడమేంటి, గుంటేంటి?" అన్నాడు. ఆయన విస్తట్లో పులిహోర కూడా సరిగా పడలేదని వినికిడి. రోజూ అసలు విమానాన్ని ముట్టుకునే మనిషికి ఈ విషయంలో నోరెత్తే అర్హత ఎక్కడిది?

ఆ లెక్కన ఆదిభట్లకీ లేదు. అక్కడ టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో నిజం 737లకి నిజం తోక రెక్కలు, అవే, నిలువుగా ఉండేవి, తయారవుతున్నాయి. 2023లో మొదటిది బయల్దేరి వెళ్లింది కూడా. కానీ అదంతా షిఫ్టు ప్రకారం, జీతానికి, ఇన్‌స్పెక్టరు సంతకంతో జరిగే పని. మావాళ్లది అర్ధరాత్రి, ఎదురు ఖర్చుతో, అడిగే నాథుడు లేకుండా జరిగే పని. నిష్కామ కర్మ ఏదో గీత చదివినవాళ్లు తేల్చాలి.

మురికి మీద తగాదా ఇంకా లోతైనది. ఈ ఊళ్లో కారున్న ప్రతివాడూ తెల్లారేసరికి అది తుడిచి ఉండాలని వాచ్‌మన్‌కి నెలకింతని ముట్టజెబుతాడు. మూడో అంతస్తు ఆయనా ముట్టజెబుతారు. చెప్పి, పైకెళ్లి, విమానానికి మురికి పూస్తారు. కొత్త విమానం నిగనిగలాడుతుంటే ఆయనకి కడుపులో తిప్పుతుంది. గరుకుతనం చానల్ పెంచి ముందు ఆ నిగనిగ చంపుతారు. తర్వాత పొట్ట కింద నూనె చారలు. పండితుడెవరో పామరుడెవరో తేలేది ఇక్కడే. సిటీ బస్సు మీద మురికి కిందికి కారుతుంది. ఎగిరే విమానం పొట్ట మీద గాలివాటుకి వెనక్కి సాగుతుంది. కొన్న మోడల్లో చారలు కిందికి కారాయి. అంటే మబ్బుల మీద పరుగెత్తే విమానానికి మెహదీపట్నం డిపో మురికి అంటగట్టారన్నమాట! దీనికి సంజాయిషీ కోరుతూ ఆయన కంపెనీకి రాసిన ఉత్తరం నేను చదివాను. ఆస్తి తగాదాల్లో లాయర్ నోటీసులు కూడా అంత నిగ్రహంగా ఉండవు.

పెద్దవాళ్లదో ప్రత్యేక శాఖ. వీళ్లు శంషాబాద్‌ని గుర్తించరు. 2008 మార్చిలో విమానాలు అటు తరలిపోయినా వీళ్లు బేగంపేట వదల్లేదు. 2022లో నలభయ్యేళ్ల పండగ పేరుతో మైక్రోసాఫ్ట్ వారు డీసీ-3 అనే పాతకాలపు విమానాన్ని ఇచ్చేసరికి, నిజాం జమానాలో 1945లో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ రంగులు దానికి వేయడానికి కూర్చున్నారు. ముందున్నవి నలుపు తెలుపు ఫోటోలు. గీత ఎరుపా, నీలమా? ఒకాయన చిన్నప్పుడు కళ్లారా చూశానంటారు. ఇంకొకాయన, మీకప్పుడు ఊహే తెలీదంటారు. కేసు వాయిదాల మీద నడుస్తోంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అశోక చక్రం ఒక్కటీ ఒక ఎత్తు.

విమానం మీద జాతీయ జెండా ఉంటుంది. జెండాలో చక్రానికి 24 ఆకులుండాలి. మూడో అంతస్తు ఆయన జూమ్ చేసి చూస్తే చక్రం లేదు, నీలం చుక్క ఉంది. ఇది రివెట్టు కాదు, దేశం పరువు. వెంటనే ఫ్లాగ్ కోడ్ తెరిచారు. వీవీఐపీ విమానాల జెండాకి 450 మిల్లీమీటర్ల పొడవు, 300 వెడల్పు అని అందులో కొలత ఉంది. దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. 737-800 పొడవు దాదాపు 39.5 మీటర్లు. దాన్ని 4,096 పిక్సెళ్ల బొమ్మ మీద పరిస్తే ఒక్కో పిక్సెల్‌కి దగ్గర దగ్గర 9.6 మిల్లీమీటర్లు. జెండాకి 47 పిక్సెళ్లు దక్కాయి. చక్రానికి 9.3. దాని చుట్టుకొలత ఎంత పీకినా 29 దాటి ఓ పిసరు. ఆకులు 24, వాటి మధ్య ఖాళీలు 24, వెరసి 48 కావాలి. 48ని 29లో ఇమడ్చడం గణితంలో కుదరదు. ఆయన బ్యాంకు మనిషి కనుక రెండుసార్లు కూడి చూశారు.

"ఏవండీ, పట్టనప్పుడు పన్నెండు పెట్టి సరిపెట్టుకోకూడదూ?" అందట ఆవిడ, కంచం ముందు పెడుతూ.

"ఇవాళ పన్నెండంటావు. రేపు చక్రమే ఎందుకంటావు," అని ఆయన కంచం పక్కకి నెట్టారు.

చివరికి మోడల్లో ఖాళీగా పడున్న డెకాల్ (స్టిక్కర్) చోటొకటి వెతికి, జెండా ఒక్కదానికే పెద్ద బొమ్మ వేశారు. ఇరవై నాలుగూ పట్టాయి. అయినా తెర మీద చుక్కే కనబడింది. ఎందుకంటే సిమ్యులేటర్‌కి లేఅవుట్ అని ఒక జాబితా ఉంటుంది. కొత్త ఫైలు పేరు అందులో ఎక్కకపోతే, ఫైలు ఎదురుగా ఉన్నా అది కన్నెత్తి చూడదు. పేరు జాబితాలో లేకపోతే మనిషి కౌంటర్ ముందు నిలబడ్డా లేనట్టేననే సూత్రం మన ఆఫీసుల సొంతమనుకునేవాణ్ణి.

ఇంత చిన్న వాటికి ఇంత రభసా అనేవాళ్లు మెల్‌బోర్న్ ముచ్చట వినాలి. 2020లో ఆ ఊరి మీద ఎగిరినవాళ్లకి మామూలు ఇళ్ల మధ్య 212 అంతస్తుల సూది భవనమొకటి కనబడింది. ఎవరో మ్యాపులో 2 కొట్టబోయి 212 కొట్టారు. జనం నవ్వుకున్నారు, మ్యాపు సరిదిద్దారు. మన దగ్గరైతే రెండింటికి అనుమతి తెచ్చి, మిగతా 210కి క్రమబద్ధీకరణ దరఖాస్తు పెట్టి ఉండేవాళ్లు.

కాబట్టి బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనలో వీళ్లకో స్టాలివ్వాలని, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మురికి మీద ఒక పేపర్ పెట్టాలని నేను ప్రభుత్వాన్ని కోరబోతూ ఉండగా దసరా సెలవులొచ్చాయి. వరంగల్ నుంచి మూడో అంతస్తు ఆయన మేనల్లుడు దిగాడు. ఏడో తరగతి. మామయ్య స్నానానికెళ్లిన అదను చూసి విమానాన్ని గేటు నుంచి కదిపాడు. నేను పేపర్ తిరిగివ్వడానికి వెళ్లేసరికి 737 హుస్సేన్ సాగర్ బుద్ధుడి నెత్తిన తలకిందులుగా తిరుగుతోంది. ఆయన తువ్వాలుతో పరుగెత్తుకొచ్చారు.

"పడిపోతోంది మామయ్యా! సారీ!"

"పాజ్! పాజ్ నొక్కరా!"

నొక్కాడు. మామయ్య తెరకి ముక్కు ఆనించి, రెక్కల అడుగు చూశారు. గేటు దగ్గర నిలబడ్డ విమానానికి అది ఎప్పుడు కనబడింది గనక.

"చూశారా మాస్టారూ! మన దేశం విమానమని చెప్పే వీటీ అక్షరాలు ఎడమ రెక్క కింద ఉండాలి. దొంగవెధవలు కుడి రెక్క కింద వేశారు."

"తలకిందులుగా ఉంది కదండీ, ఎడమేదో కుడేదో…" అన్నాను. పులిహోర పడని పెద్దమనిషిని చూసినట్టు చూశారు నన్ను. అప్పటికే ఫోన్ తీసి ఫోటోలు కొడుతున్నారు.

"మామయ్యా, మరి ల్యాండ్ చెయ్యొద్దా?"

"ల్యాండింగ్‌దేముందిరా, ఎవడైనా చేస్తాడు. ముందు ఆ మౌస్ వదులు."