తక్కువ కొటేషన్‌లో రాయనివి

ఇల్లు కట్టించుకునేవాళ్లకు సలహా అంటూ ఒక మెసేజ్ ఫోన్ల మీద తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "సిమెంటు, ఇనుము, ఇసుక ఎవరు కట్టినా అవే. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుని, అందరికంటే తక్కువ చెప్పినవాడికి పని ఇచ్చేయండి. ఎక్కువ అడిగేవాడు లాభం ఎక్కువ వేసుకున్నాడంతే. చదరపు అడుగు రేటు చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. పని బాగోకపోతే అగ్రిమెంటు ఉంది, వాడిచేతే మళ్లీ చేయించుకోవచ్చు."

చదవగానే సబబుగానే అనిపిస్తుంది. మా అక్కావాళ్లు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించి ఇల్లు కట్టించారు. ఏడో ఏడు హాల్లో స్లాబు అడుగున పెచ్చు ఊడి పడింది. స్టూలు ఎక్కి చూస్తే లోపలి ఊచ కళ్లెదురుగా ఉంది. బొటనవేలితో నొక్కితే తుప్పు రేకుల్లా రాలింది. ఊచ కింద ఉన్న కాంక్రీటు చిన్న నాణెం మందం కూడా లేదు. స్లాబులో ఊచకు కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. అందుకే సెంట్రింగ్ షీటుకూ (కాంక్రీటు పోసే అచ్చుకూ) ఊచకూ మధ్య కవర్ బ్లాకులనే చిన్న దిమ్మెలు పెడతారు. అక్కడ బ్లాకుల్లేవు, దొరికిన కంకర ముక్కలు దూర్చారు. మనుషులు నడిచేసరికి అవి జారిపోయి ఊచలు షీటు మీదే పడుకున్నాయి. తేమ తగిలి ఊచ తుప్పు పడితే, ఆ తుప్పుకు అసలు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికే పెచ్చులు ఊడతాయి.

ఆ ఇంటికి వాడింది మంచి సిమెంటే, మంచి ఇనుమే. బిల్లులన్నీ బావ ఫైల్లో ఉన్నాయి. అందుకే ఆ మెసేజ్‌లోని మొదటి మాట, మెటీరియల్ ఒకటే కాబట్టి ఇల్లూ ఒకటే అన్నది, నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపిస్తుంది. ఇంటి బలం బిల్లు రాని వాటి మీద ఆధారపడి ఉంటుంది: పోసే నీళ్లు, ఆగే రోజులు, పనిచేసే చేతులు.

నీళ్ల సంగతే తీసుకోండి. కాంక్రీటు బలాన్ని నిర్ణయించేది ముఖ్యంగా నీటికీ సిమెంటుకూ ఉన్న నిష్పత్తి అని డఫ్ అబ్రామ్స్ అనే అమెరికన్ ఇంజనీరు 1918లోనే తేల్చి చెప్పాడు. 50 కిలోల బస్తాకు 0.5 నిష్పత్తిలో, అంటే సిమెంటు బరువులో సగం నీరైతే, పడాల్సింది 25 లీటర్లు. ఇసుకలో ముందే ఉన్న తడి కూడా ఇందులో లెక్కే. స్లాబు పోసే రోజు మిక్సర్ దగ్గర ఒక అరగంట నిలబడి చూడండి. మాలు గట్టిగా ఉందని పైనుంచి కేక వస్తుంది, కింద ఉన్నతను ఇంకో బకెట్ గుమ్మరిస్తాడు. పల్చటి మాలు దానంతటదే పారుతుంది, సర్దడానికి తక్కువ మంది చాలు, పని మధ్యాహ్నానికే అయిపోతుంది. తక్కువ రేటుకు ఒప్పుకున్న కాంట్రాక్టర్‌కు మిగిలేది ఇక్కడే. ఎక్కువైన నీరు ఆరిపోయాక దాని చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గుతుంది, వాన నీరు దిగడానికి దారి దొరుకుతుంది.

క్యూరింగ్ కూడా అంతే. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన రకాలైతే కనీసం 10 రోజులు కాంక్రీటును తడి ఆరనివ్వకూడదు. స్లాబు మీద మడి కట్టి నీళ్లు నిలపొచ్చు. పిల్లర్ల మీద నీళ్లు నిలవవు, గోనె సంచులు చుట్టి పూటపూటా తడపాలి. దానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషికి కూలి ఇవ్వాలి. సెంట్రింగ్ షీట్లు ఇక్కడ నాలుగు రోజులు ముందే విప్పేస్తే ఇంకో సైటుకు పనికొస్తాయి. మాలును అదిలించి గట్టిగా సర్దే వైబ్రేటర్ అద్దెకు తేకుండా ఊచతో పొడిచినా పిల్లర్ నిలబడుతుంది, షీట్లు విప్పాక తేనెపట్టులా కనిపించిన చోట సిమెంటు పూసేస్తారు. పుట్టీ, పెయింటు పడ్డాక ఇవేవీ ఎవరికీ కనపడవు.

ఆ మాటకొస్తే మెటీరియల్ కూడా ఒకటే అనుకోకండి. 12 ఎం.ఎం. ఊచ మీటరుకు సుమారు 0.89 కిలోలు తూగాలి. 12 మీటర్ల పూర్తి ఊచ దాదాపు 10.7 కిలోలు. సైటుకు వచ్చినవాటిలో ఒకటి కాటా మీద పెట్టి చూడండి. కిలోకు పైగా తరుగు వస్తే మీకు అందింది 12 ఎం.ఎం. కాదు.

చదరపు అడుగు రేటు చూస్తే తెలిసిపోతుందన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఏది కొలిచారో తెలియకుండా రేటుకు అర్థం లేదు. ఒకరు మెట్లగది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి చెబుతారు. ఇంకొకరు అవన్నీ పక్కనపెట్టి తక్కువ అంకె చూపిస్తారు, తర్వాత ఒక్కొక్కటీ ఎక్స్‌ట్రా కింద రాస్తారు. కరెంటు పని "కలిపే" అంటారు, ఎన్ని పాయింట్లో ఉండదు. ఏసీకి 4 చదరపు ఎం.ఎం. వైరు లాగాల్సిన చోట 1.5 లాగినా గోడ మూసేశాక బయటికి కనపడదు. రేట్లు పోల్చాలంటే ముందు మీరే ఒక జాబితా రాసి ముగ్గురికీ అదే ఇవ్వాలి.

ఎక్కువ అడిగేవాళ్లంతా లాభం కోసమే అడుగుతున్నారా? కొందరు అలాగే అడుగుతారు, కాదనను. రేటు ఎక్కువైనంత మాత్రాన పని బాగుంటుందన్న భరోసా లేదు. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోమన్న సలహా కూడా మంచిదే. ఆఫీసు ఖర్చులేవీ లేకుండా రోజంతా సైటు మీదే ఉండి తాపీ పట్టే మేస్త్రి నిజంగానే తక్కువకు కట్టగలడు. అలాంటివాళ్లను నేను చూశాను, వాళ్లంటే నాకు గౌరవం. అయితే ఆయన ఎందుకు తక్కువకు చేయగలుగుతున్నాడో అడిగితే చెప్పగలగాలి. నాలుగైదేళ్ల కిందట కట్టిన ఇల్లు చూపించమనండి. పెయింటు వాసన పోని ఇల్లు చూసి లాభం లేదు. వీలైతే వర్షాకాలంలో వెళ్లి, బాత్రూమ్ గోడకు అవతలి వైపు, స్లాబు అడుగున చూడండి. ఆ ఇంటివాళ్లతో ఆయన లేనప్పుడు మాట్లాడండి.

ఇక అగ్రిమెంటు. మళ్లీ చేయించుకోవచ్చు అంటున్నారు. పెయింటు మళ్లీ వేయించొచ్చు, తలుపు మార్పించొచ్చు. పైన అంతస్తు మోస్తున్న పిల్లర్‌ను ఎలా మళ్లీ పోయిస్తారు? గిట్టుబాటు కాని రేటుకు ఒప్పుకున్న కాంట్రాక్టర్‌కు తప్పు దిద్దడానికి డబ్బెక్కడిది? గోడలు లేచేసరికి పని నెమ్మదిస్తుంది, రేట్లు పెరిగాయంటాడు, ఇంకొంత ఇస్తేనే మనుషులొస్తారంటాడు. ఇచ్చిన అడ్వాన్స్ ఆయన చేతిలోనే ఉంటుంది. వేరేవాళ్లను పిలిస్తే, పాత పనికి మాకు పూచీ లేదని ముందే చెప్పేస్తారు. ఆ టెన్షన్‌లో చాలామంది అడిగినంతా ఇచ్చి ఊరుకుంటారు. మా బావ కూడా అదే చేశాడు.

అగ్రిమెంటులో రాయాల్సింది వేరే ఉంది. డబ్బు తారీఖుల ప్రకారం కాకుండా పూర్తయిన పని ప్రకారం ఇస్తామని రాయండి. ఊచలు కట్టడం అయ్యాక, మీ తరఫు ఇంజనీరు చూసి సరే అన్నాకే కాంక్రీటు. బాత్రూమ్‌లో టైల్స్ వేయకముందే నీళ్లు నింపి 48 గంటలు ఉంచి, కింద చెమ్మ రాలేదని చూశాకే ఆ వాయిదా డబ్బు. గోడలు మూయకముందే పైపులకు ప్రెషర్ టెస్ట్. ఇవి చదివి వెనక్కి తగ్గే కాంట్రాక్టర్ ఎంత తక్కువకు చేస్తానన్నా నేనైతే పని ఇవ్వను.

అక్కావాళ్లు ఆ హాలు పైకప్పంతా చెక్కించి, ఊచలు తోమించి, మందు పూయించి మళ్లీ పూత వేయించారు. ఇంట్లో ఉంటూనే నెలన్నర దుమ్ములో గడిపారు. కిందటేడు వెనకవైపు ఇంకో గది వేయించారు. స్లాబు పోసే రోజు తెల్లవారుజామునే అక్క సెంట్రింగ్ ఎక్కి, బ్లాకు లేని చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ తిరిగింది. ఆ గుర్తులన్నిటి దగ్గరా బ్లాకులు పడ్డాకే మిక్సర్ తిరిగింది.