హాగ్వన్ సంగతి కూడా రాయాల్సింది

కొరియాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగమంటే మంచి జీతం, ఉచితంగా ఇల్లు, శని ఆదివారాల్లో షికార్లు అన్నట్టు మీ వ్యాసంలో రాశారు. ప్రభుత్వ బడిలో అయితే కొంత నిజమే. నేను దేజియోన్‌లో ఒక హాగ్వన్‌లో, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్‌లో, ఏడాదిన్నర పనిచేశాను. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి పది. బడి, లెక్కల ట్యూషన్, పియానో అన్నీ ముగించుకొచ్చిన పిల్లలు నా క్లాసులో కునికిపాట్లు పడేవారు. సియోల్‌లో రాత్రి 10 తర్వాత హాగ్వన్లు నడపకూడదని రూలే పెట్టాల్సి వచ్చింది మరి! మన ఇంటర్ కాలేజీల స్టడీ అవర్స్ గుర్తొచ్చేవి.

ఏడాది నిండితే ఉద్యోగం మానేటప్పుడు ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి, అక్కడి చట్టం అది. మాతో పనిచేసిన ఒకావిడను సరిగ్గా పదకొండో నెలలో పంపించేశారు. ఇల్లు కూడా వాళ్లిచ్చిందే కాబట్టి ఉద్యోగంతోపాటు అదీ పోయింది. ఉచిత ఇంటి గురించి రాసేటప్పుడు ఈ టెన్షన్ కూడా చెప్పాలి కదండీ.

అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే విదేశీ టీచర్లకిచ్చే ఇ-2 వీసా మామూలుగా అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి ఏడు ఇంగ్లీషు దేశాల పౌరులకే ఇస్తారు. మాది గుంటూరైనా నాకు కెనడా పాస్‌పోర్టు ఉంది కాబట్టి పని జరిగింది. మొదటిరోజు ఓ బుడ్డోడు నా మొహం తేరిపార చూసి, "టీచర్, నిజంగా కెనడానేనా?" అన్నాడు. ఆ వెంటనే వయసెంతని అడిగాడు. అక్కడ అందరూ అడిగేదే లెండి.