జలదుర్గంలో గృహప్రవేశం

ముప్పై ఏళ్లు రేవు పనుల్లో నీళ్లు తోడించి జీతం తీసుకున్న సివిల్ ఇంజనీరు, తన పదేళ్ల మనవడి కంప్యూటర్లో ఒక గదిలోని నీళ్లు తోడలేకపోయాడన్న సంగతి పెద వాల్తేరులో మా గుమ్మం దాటకూడదని చాలా జాగ్రత్తపడ్డాను. మా ఆవిడ దానిని కూరగాయల బండి దగ్గర చెప్పేసింది కనుక, కనీసం వివరాలైనా సరిగ్గా ఉండాలని నేనే రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో మనవడికి ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని చూపించాను. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ ముసలి నౌక కడుపులోంచి బయటికి రాగానే వాడు, "తాతయ్యా, మైన్‌క్రాఫ్ట్‌లో మనం సముద్రం అడుగున కోట కడదామా?" అన్నాడు. లోకమంతా ఘనాకారపు దిమ్మెలతో ఉండి, వాటిని తవ్వి పేర్చుకొనే ఆట అది. కోటకు పేరు నేనే పెట్టాను. 1933 అక్టోబరు 7న మన రేవులోకి వచ్చిన మొదటి ఓడ పేరు జలదుర్గ. అంతకంటే శుభమైన పేరు ఏముంటుంది?

నా పద్ధతి శాస్త్రీయమైనది. చుట్టూ రాతి కాఫర్‌డ్యామ్ కట్టి, లోపలి నీటిని బకెట్‌తో తోడిపోయాలి. ఆ ఆటలో ఒక్కో దిమ్మె ఒక ఘనపు మీటరు కనుక బకెట్‌కు టన్ను నీళ్లు పడతాయి, దానిని మనిషి ఒంటిచేత్తో మోస్తాడు. ఈ లెక్క చూసి మురిసిపోయి రెండు రాత్రులు తోడాను. నీటిమట్టం వెంట్రుకవాసి తగ్గలేదు. మూడో రోజు పొద్దున్న మనవడు పాలు తాగుతూ తీరిగ్గా చెప్పాడు: నిండు నీటి దిమ్మెలు రెండు పక్కనుంటే వాటి మధ్య ఖాళీలో మూడోది దానంతట అదే పుడుతుందట. ఈ సూత్రం మా అపార్ట్‌మెంట్ సంపుకు వర్తించి ఉంటే మే నెలలో ట్యాంకర్ కోసం నేను చేసే ఫోన్లన్నీ మిగిలేవి.

వాడి పద్ధతి వేరు. పైనుంచి ఇసుక పోస్తే అది అడుగుకు దిగి నీటిని మింగేస్తుంది; గదంతా ఇసుకతో నిండాక గోడలూ కప్పూ వేసి, తరువాత ఇసుకను తవ్వేస్తే పొడి గది మిగులుతుంది. రసీదు లేకుండా, లారీ లేకుండా, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా దొరికిన ఇసుకను నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. వారంలో కోట లేచింది.

తలుపు దగ్గర మాత్రం నేను పట్టు విడవలేదు. ఆ ఆటలో తలుపు తెరిచి ఉంచినా సముద్రం గడప దాటి లోపలికి రాదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెక్క తలుపు చాలని వాడన్నాడు. కురుసురను చూసి వచ్చినవాణ్ణి, ఇనుప తలుపే పెట్టించాను. ఇనుప తలుపు చేత్తో తోస్తే తెరుచుకోదు, బటన్ నొక్కాలి. దొంగల భయంతో ఆ బటన్‌ను లోపలి గోడకే బిగించాను.

గృహప్రవేశమని తెలియగానే మా ఆవిడ పంచాంగం తీసింది. ఈశాన్యంలో నీళ్లున్నాయా అని అడిగితే, ఎనిమిది దిక్కులా ఉన్నాయన్నాను. ముహూర్తం ఉదయం 9:42. "పాలు పొంగించడం మరిచిపోకండి" అని చెప్పి తాను పాయసం పనిలో పడింది.

నీటిలో మూడు నిమిషాలపాటు ఊపిరి ఆడే మందును మనవడు కాచి ఇచ్చాడు. అది తాగి, బకెట్ పాలతో సముద్రంలోకి దిగి, గుమ్మం ముందు నిలబడ్డాను. ఆ ఆటలో పాలు పొంగవు, తాగడానికి మాత్రమే పనికివస్తాయి. సరిగ్గా 9:42కు, "తాతయ్యా, వద్దు" అని వాడు అంటుండగానే తాగేశాను. పాలు తాగితే ఒంట్లో ఉన్న మందులన్నింటి గుణమూ విరిగిపోతుందన్న విషయం నాకెవరూ చెప్పలేదు.

తెర మీద పది నీటి బుడగలు వచ్చి ఒక్కొక్కటే పగలడం మొదలైంది. పదిహేను సెకన్ల ఊపిరి. కిటికీ అద్దం పగలగొట్టవచ్చు కానీ కోటంతా మునుగుతుంది, దానికి ఇంజనీరు మనసు ఒప్పలేదు. "పైకి ఈదు తాతయ్యా, పైకి" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. నేను మాత్రం ఏ గోడకు బటన్ పెట్టలేదో సరిగ్గా ఆ గోడనే తడుముతూ ఉండిపోయాను.

"లోపలికి వెళ్లారా?" అని వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది.

"లేదు నానమ్మా, తాతయ్య పైకి పోయాడు" అన్నాడు వాడు.

ఆమె గరిటెతో సహా పరుగెత్తుకు వచ్చేసరికి, నేను ఒడ్డున వేసుకున్న మంచం పక్కన మళ్లీ పుట్టి, వట్టి చేతులతో సముద్రం వైపు చూస్తున్నాను.