విమోచనం: రెడ్ వెల్వెట్ రుచిలో

అమెరికాలో బానిసత్వం పోయిందన్న కబురు టెక్సస్‌లోని గాల్వెస్టన్‌కు 1865 జూన్ 19న, లింకన్ విమోచన ప్రకటన వెలువడిన రెండున్నర ఏళ్లకు చేరింది. ఆ రోజే జూన్‌టీన్త్. డాలస్‌లోని మనవాళ్లకు అది 2021 నుంచి ఫెడరల్ సెలవుగా, కలిసొస్తే లాంగ్ వీకెండ్‌గా పరిచయం. అయితే విమోచనానికి తగిన రుచి ఏదో తేలడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. అది రెడ్ వెల్వెట్ అనే ఎర్రని కేకు, చీజ్‌కేక్‌ల రుచుల మిశ్రమమని వాల్‌మార్ట్ వారు నిర్ధారించి, సొంత బ్రాండు ఐస్‌క్రీము డబ్బాలో నింపి, ఆఫ్రికన్ అమెరికన్ సంస్కృతినీ విమోచనాన్నీ చెదరని ఆశనూ పంచుకొని పండుగ చేసుకోవలసిందిగా మూత మీద ముద్రించి, ఫ్రీజర్లలో ప్రతిష్ఠించారు.

ఇంతటి నిర్ణయం ఏదో ఒక సమావేశంలోనే జరిగి ఉండాలి. నేనక్కడ లేను గానీ, ఊహించకుండా ఉండలేకపోతున్నాను. పొడవాటి బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చుని ఉంటారు. రెండు శతాబ్దాలకు పైబడిన దాస్యానికి వెనిల్లా సరిపోతుందా అని ఒక పెద్దమనిషి గద్గద స్వరంతో అడిగి ఉంటాడు. వెనిల్లా తెల్లగా ఉంటుందని న్యాయ విభాగం అభ్యంతరం చెప్పి ఉంటుంది. అయితే చాక్లెట్ అన్న కుర్రవాడి వైపు అందరి తలలూ ఒక్కసారి తిరిగేసరికి, అతడు మంచినీళ్ల గ్లాసు అందుకొని, ఆ పూటకు మరి నోరు విప్పి ఉండడు. జూన్‌టీన్త్ విందుల్లో ఎర్రని పానీయాలూ ఎర్రని వంటకాలూ ఆచారమని ఎవరో చదివి వచ్చి "ఎరుపు" అనగానే చప్పట్లు మోగి ఉంటాయి. ఆ ఎరుపు పూర్వీకులు చిందించిన నెత్తురుకు గుర్తని చెప్పేవారూ ఉన్నారన్న సంగతి చర్చకు వచ్చిందో లేదో తెలియదు. వచ్చి ఉంటే మాత్రం, చీజ్‌కేక్ కలిపితే విరుగుడవుతుందని ఏకగ్రీవంగా తీర్మానించి ఉంటారు.

ఆ బల్ల దగ్గర ఎవరికైనా, ఈ ఐస్‌క్రీమేదో నల్లజాతివారి దగ్గరే కొని అమ్మితే పోలేదా అని తోచి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. లిజ్ రోజర్స్ అనే నల్లజాతి షెఫ్ అప్పటికే క్రీమలీషియస్ పేరుతో ఐస్‌క్రీములు తయారు చేస్తున్నారు. జనం ఆ డబ్బాలు చూపించి మరీ తిట్టిపోశాక, వాల్‌మార్ట్ క్షమాపణ చెప్పి తన సరుకును వెనక్కి తీసుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈ అల్లుడు అత్త పేరిట విందు పెట్టి, వచ్చినవారి దగ్గర భోజనం ఖర్చు వసూలు చేసి, గల్లాపెట్టె తాళం మొలలో దోపుకున్నాడు.

వాల్‌మార్ట్ లాంటి మరో దుకాణాల సంస్థ టార్గెట్ వారిది మరీ పెద్ద మనసు. నల్లజాతి వ్యాపారాల మీద 2025 చివరికల్లా 200 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని 2021లో ప్రతిన పూనారు. వాషింగ్టన్‌లో అధికారం మారిన వారంలోపే, 2025 జనవరిలో, వైవిధ్య లక్ష్యాలను ముగిస్తున్నామని ప్రకటించారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. వీరు గాలి మళ్లగానే తగలేశారు.

మాటలు కాక నిజంగా డబ్బిచ్చినవారికి ఏం జరిగిందో చూడండి. అట్లాంటాలో నల్లజాతి మహిళలు స్థాపించిన ఫియర్‌లెస్ ఫండ్ అనే చిన్న పెట్టుబడి సంస్థ, తమలాంటి మహిళల వ్యాపారాలకు 20,000 డాలర్ల చొప్పున గ్రాంట్లు ఇచ్చేది. అది జాతి వివక్ష అంటూ, జాతిని బట్టి ఇచ్చే ప్రాధాన్యాల మీద కోర్టుకెక్కే ఎడ్వర్డ్ బ్లమ్ గారి సంస్థ 2023లో దావా వేసింది. ఏ చట్టం కింద? 1866 నాటి పౌరహక్కుల చట్టం కింద. నిన్నటి బానిసలకు తెల్లవారితో సమానంగా ఒప్పందాలు చేసుకునే హక్కు ఇవ్వడానికి పుట్టిన చట్టమది! 2024 జూన్‌లో అప్పీలు కోర్టు గ్రాంట్లను ఆపమంది, సెప్టెంబరులో రాజీ కుదిరి పథకమే మూతపడింది. సిగ్గుండాలి. వీపు మీద కొరడా దెబ్బలింకా మానని మనుషుల కోసం రాసిన మాటలను, వారి మునిమనవరాళ్ల చేతిలో పడబోయే ఇరవై వేలను ఆపడానికి వాడతారా? ఆ దేశంలో కొత్త కంపెనీలకు అందే వెంచర్ పెట్టుబడిలో నల్లజాతి మహిళలకు దక్కేది నూటికి ఒక వంతు కూడా లేదు. మిగతా తొంభై తొమ్మిది వంతుల మీద ఏ వివక్షా కనబడని కళ్లకు, ఈ పిసరంత మాత్రం గునపంలా గుచ్చుకుందట!

ఐస్‌క్రీము మీద మాత్రం బ్లమ్ గారి సంస్థ దావా వేయలేదు. వేయడానికి వీలూ లేదు. ఆ డబ్బాకు అన్ని జాతులవారి దగ్గరా ఒకే ధర తీసుకున్నారు.