కారు బీమా: చౌక ప్రీమియం డెల్టాలో చెల్లదు

గోదావరి జిల్లాల్లో కారు ఇన్సూరెన్స్ రెన్యువల్‌కు వచ్చిందంటే ఏజెంటుకు వినిపించే మొదటి మాట, "కొంచెం తగ్గించి చూడండి." ఆయన తగ్గిస్తాడు. ఏం తీసేస్తే తగ్గిందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఎక్కువసార్లు తీసేసేది ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్, అంటే నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఖర్చిచ్చేది. కర్నూలులో దాన్ని వద్దనుకున్నా సర్దుకోవచ్చు. భీమవరం, అమలాపురం, రాజోలు, ఆకివీడు వాళ్లు దాన్ని వదులుకోకూడదు. వదులుకోమని సలహా ఇచ్చేవాళ్లు మన వర్షాకాలం ఎరగనివాళ్లు.

ప్రీమియం లెక్క పాఠకులకు కొత్త కాదు. థర్డ్ పార్టీ భాగం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, కేంద్రం చేతిలో ఉంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు రూ.2,094, 1500 సీసీ లోపైతే రూ.3,416, ఆపైన రూ.7,897. ఎక్కడి బండికైనా ఇదే. మిగతాది ఓన్ డ్యామేజ్, మన బండికే జరిగే నష్టానికి కట్టేది. దాన్ని తేల్చేవి బండి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ), వయసు, ఇంజిన్ సామర్థ్యం, క్లెయిమ్ లేని ఏళ్లకు 20 నుంచి 50 శాతం దాకా దక్కే ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) రాయితీ, యాడ్ ఆన్‌లు అనే అదనపు కవర్లు, అన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ. బేరానికి చోటున్నది ఓన్ డ్యామేజ్‌లోనే, అందులోనూ కోత ముందు పడేది యాడ్ ఆన్‌ల మీద, ఆ తర్వాత ఐడీవీ మీద. ఐడీవీ తగ్గించి రాయించుకోవడం కూడా మనకు చేటే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద తీసేస్తారు. అప్పుడు చేతికొచ్చేది ఆ తగ్గించి రాయించుకున్న అంకె లెక్కనే.

వరద వస్తే 'ఫుల్ ఇన్సూరెన్స్' ఉందిగా అనుకుంటారు. నిజమే, నీళ్లలో నానిన సీట్లకు, వైరింగుకు సమగ్ర పాలసీలో డబ్బులొస్తాయి. చిక్కంతా తాళం తిప్పినప్పుడు మొదలవుతుంది. రాత్రంతా వాన కురిసి వీధిలో బంపరు దాకా నీళ్లు నిలిచాయి. తెల్లారి బండిని మెరకకు చేరుద్దామని స్టార్ట్ చేస్తారు. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి. గాలి నొక్కుకుంటుంది గానీ నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. షెడ్డులో మెకానిక్ డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటుంది. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయర్ ఆ తడిసిన ఫిల్టరు ఫొటో తీసుకుని, ఇది వరద వల్ల నేరుగా జరిగిన నష్టం కాదు, నీళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయడం వల్ల జరిగిన పర్యవసాన నష్టం అని రాస్తాడు. ఇంజిన్ ప్రొటెక్షన్ లేని పాలసీకి ఆ ఒక్క వాక్యంతో తలుపులు మూసుకుంటాయి. ఇంజిన్ విప్పి బాగుచేయించే ఖర్చు ముందు, ఆ కవర్ తీసేసి మిగుల్చుకున్న సొమ్ము ఏ మూలకూ రాదు. అందుకే నీళ్లలో నిలిచిన బండి తాళం ముట్టుకోకండి, రికవరీ వ్యాన్‌ని పిలిపించండి.

వరద ఏటా రాదు కదా, రాని ఏడు కట్టింది వృథాయే కదా అని వాదించేవాళ్లున్నారు. కంపెనీల వైపు నుంచి ఇంకో వాదన ఉంది: ఈ కవర్‌ని మూల పాలసీలోనే కలిపేస్తే మెట్ట ప్రాంతాల వాళ్లు డెల్టా కోసం కట్టినట్టవుతుందని. మొదటి మాటకు 2022 జూలై గోదావరి వరదలు, 2025 అక్టోబరులో నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను సమాధానం చెబుతాయి. రెండోదానికి టారిఫ్ (నియంత్రిత బీమా ధరల పట్టిక) చరిత్రే సమాధానం. ప్రైవేటు కార్లకు పాత టారిఫ్ దేశాన్ని రెండే ముక్కలు చేసింది: హైదరాబాద్, చెన్నై లాంటి 8 పెద్ద నగరాలు జోన్ ఏ, మిగతా దేశమంతా జోన్ బి. ఆదోని, అంతర్వేది ఒకే గాటన. 2007లో ధరల నియంత్రణ ఎత్తేశాక కంపెనీలు తమ లెక్కలు తాము వేసుకుంటున్నా, మెట్టనూ పల్లాన్నీ కలిపి పంచుకోవడం బీమాలో మొదటి నుంచీ ఉన్నదే. అలాంటప్పుడు నీటి ముప్పును మాత్రం విడదీసి, అదనపు సరుకుగా అమ్మడం ఏం న్యాయం?

అయితే నా అసలు గొడవ కంపెనీలతో కాదు. డెల్టాలో కారును ముంచేది ఎక్కువసార్లు గోదావరి కాదు, బయటికి పోలేని వాన నీరు. ఏటి వరద లంకల్ని ముంచుతుంది, ఊళ్లలో వీధుల్ని ముంచేది డ్రెయిన్ల దుస్థితి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్, కోనసీమలో కౌశిక చూడండి. తూడు, గుర్రపుడెక్క, పూడిక. పక్కన చెరువులు తవ్వి గట్లు జరుపుకుంటూ వచ్చిన ఆక్రమణలు. డెల్టా మురుగు పారుదల మీద మిత్ర కమిటీ నివేదిక ఇచ్చి దశాబ్దాలు గడిచాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో చేలో నీరు బయటికి పోకపోవడమూ ఉంది. అప్పుడు రైతు మాటగా తీసిపారేసిన ఆ నీరే ఇప్పుడు పట్టణాల్లో కార్ల ఇంజిన్లలోకి చేరుతోంది. కాలువ గట్టు రోడ్ల సంగతీ అంతే. రక్షణ గోడ లేని మలుపులో రాత్రిపూట ఎదురు బండి లైటు కళ్లలో కొడితే కారు నేరుగా కాలువలోకే. ఈ నిర్లక్ష్యానికి ఖర్చు ఏ శాఖ పద్దులోనూ కనిపించదు. అది మన ప్రీమియంలో, పోయిన ఎన్‌సీబీలో, తిరస్కరించిన క్లెయిముల్లో పడుతుంది.

ఏ వీధిలో, ఏ మలుపులో బండ్లు మునిగాయో కంపెనీల క్లెయిమ్ ఫైళ్లలో ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఆ వివరాలను పేర్లు తీసేసి, మండలాల వారీగా బయటపెట్టించాలి. పూడికతీత పనులు ఖరారు చేసేటప్పుడు ఆ జాబితా డ్రెయిన్ల విభాగం ఇంజినీర్ల ముందుండాలి, వేసవిలో కాలువలు కట్టేయకముందే.